గోడలు లేచిన ఇల్లు గాలికి ఎందుకు పడిపోతుంది? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక ఇల్లు గాలికి ఎప్పుడు ఎక్కువ భయపడాలి? పాతబడి, పెచ్చులూడి, బీటలు పడ్డాకా? లేక కొత్తగా కడుతున్నప్పుడా?

చాలామంది పాతబడ్డాకే అంటారు. కానీ గాలి విషయంలో లెక్క వేరు. సగం కట్టిన ఇల్లు పాత ఇంటికంటే బలహీనం. అందులోనూ అమెరికా, కెనడాల్లో కట్టే చెక్క ఇళ్ళకి ఇది మరీ నిజం. ఈరోజు టాపిక్ అదే: కట్టుబడిలో ఉన్న చెక్క ఫ్రేమ్ ఇల్లు గాలికి ఎలా కూలుతుంది, ఎందుకు కూలుతుంది, అక్కడ పనిచేసేవాళ్ళు, కొనుక్కునేవాళ్ళు ఏం చూసుకోవాలి.

"మనకెందుకన్నా ఇది, మన ఇళ్ళు సిమెంటువి కదా" అని కొందరికి అనిపించొచ్చు. ఒక్క నిమిషం ఆగండి. హ్యూస్టన్ పక్కన కేటీలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో మన తెలుగువాళ్ళు ఎంతమంది కొత్త ఇళ్ళు బుక్ చేసుకుంటున్నారో మీకు తెలుసు. మీ అక్కో, బావగారో, బాబాయి కొడుకో ఎవరో ఒకళ్ళు ఉండే ఉంటారు. ఆదివారం పూట సగం కట్టిన ఇంట్లోకి వెళ్ళి, వీడియో కాల్‌లో "అమ్మా, ఇదిగో ఇది మాస్టర్ బెడ్‌రూమ్, ఇది పూజ గది" అని చూపించడం చాలా ఇళ్ళల్లో మామూలే. ఆ వీడియోలో వెనక కనిపించే చెక్కల అస్థిపంజరం గురించే ఇవాళ మాట్లాడుకునేది. ఎపిసోడ్ చివర్లో మన ఊళ్ళ సంగతికి కూడా వస్తాను. అక్కడ చెక్క ఉండదు గానీ సూత్రం ఇదే.

ముందు జరిగిన సంగతి చెప్తాను. 2024 మే 28. టెక్సస్‌లో హ్యూస్టన్‌కి ఉత్తరాన మాగ్నోలియా అనే ఊరు. మధ్యాహ్నం ఉరుములతో ఈదురుగాలి వచ్చింది. కట్టుబడిలో ఉన్న ఒక ఇల్లు కూలిపోయింది. అక్కడ పనిచేస్తున్న 16 ఏళ్ళ అబ్బాయి చనిపోయాడు. పదహారేళ్ళు! మన దగ్గరైతే ఇంటర్ ఫస్టియర్ చదివే వయసు. దానికి 12 రోజుల ముందే, మే 16న, హ్యూస్టన్ నగరం మీదుగా డెరెచో అనే గాలివాన వెళ్ళింది. డెరెచో అంటే సుడిగాలి కాదు, ఒకే దిశలో వందల కిలోమీటర్లు దూసుకుపోయే గాలివరస. ఆ రోజు డౌన్‌టౌన్‌లో గాలి గంటకు 160 కిలోమీటర్ల దాకా వెళ్ళింది, పెద్ద పెద్ద టవర్ల అద్దాలు పగిలిపోయాయి. అలాంటి పెనుగాలికి ఏదైనా దెబ్బతింటుందిలే అనుకోవచ్చు. కానీ సగం కట్టిన ఇంటికి అంత గాలి అక్కర్లేదు. మామూలు ఉరుముల వాన ముందు వచ్చే గాలి చాలు.

ఎందుకో తెలియాలంటే ఈ ఇల్లు ఎలా కడతారో తెలియాలి. మన దగ్గర పిల్లర్లు, బీములు, స్లాబు, మధ్యలో ఇటుక గోడ. అక్కడ అలా కాదు. కింద కాంక్రీట్ స్లాబు పోస్తారు. దాని మీద చెక్క కర్రలు నిలబెడతారు. ఈ నిలువు కర్రల్ని స్టడ్లు అంటారు. పేరుకి "టూ బై ఫోర్", అంటే 2 అంగుళాలు, 4 అంగుళాలు. నిజానికి కొలిస్తే ఒకటిన్నర అంగుళం, మూడున్నర అంగుళాలే ఉంటుంది. ఇవి 16 అంగుళాలకి ఒకటి చొప్పున నిలబడతాయి. గోడని నేల మీద పడుకోబెట్టి మేకులు కొట్టి, నలుగురైదుగురు కలిసి లేపి నిలబెడతారు. పైన త్రికోణాకారపు ట్రస్సులు పెడతారు, అవి కప్పుని మోస్తాయి. బయటవైపు ఓఎస్‌బీ అనే చెక్క పేళ్ళ షీట్లు కొడతారు, సుమారు 11 మిల్లీమీటర్ల మందం. దాని మీద నీళ్ళు దిగకుండా ఒక కవరు చుడతారు, దాన్నే హౌస్ ర్యాప్ అంటారు. ఆ తర్వాత కిటికీలు, తలుపులు, బయట ఇటుక, లోపల డ్రైవాల్.

ఇప్పుడు అసలు పాయింటు. ఈ ఇంట్లో బలం ఏ ఒక్క దానిలోనూ ఉండదు. అన్నీ కలిస్తేనే బలం.

ఒక ఫోటో ఫ్రేమ్ ఊహించుకోండి. వెనక అట్ట తీసేసి, నాలుగు మూలలా ఒక్కో మేకు మాత్రమే ఉంచి, పక్కనుంచి కొంచెం తోయండి. చతురస్రం కాస్తా వాలిపోయి పతంగి ఆకారంలోకి వస్తుంది. ఇప్పుడు వెనక అట్ట పెట్టి చుట్టూ మేకులు కొట్టండి. ఇక వాలదు. అట్ట మందంతో పెద్ద సంబంధం లేదు, అది నాలుగు మూలల్ని పట్టి ఉంచుతోంది, అంతే. చెక్క ఇంట్లో ఓఎస్‌బీ షీటు చేసే పని ఇదే. నిలువు కర్రలు పైనుంచి వచ్చే బరువుని మోస్తాయి. పక్కనుంచి వచ్చే తోపుని ఆపేది షీటు, దాని చుట్టూ ఉన్న మేకులు. సాధారణంగా షీటు అంచుల్లో 6 అంగుళాలకి ఒక మేకు, మధ్యలో 12 అంగుళాలకి ఒక మేకు ఉండాలి. లోపల డ్రైవాల్ కొట్టాక ఇంకాస్త బిగువు వస్తుంది.

మరి షీట్లు కొట్టేదాకా ఆ గోడల్ని నిలబెట్టేది ఏంటి? ఏటవాలుగా కొట్టిన తాత్కాలిక కర్రలు. వాటిని టెంపరరీ బ్రేసింగ్ అంటారు. మన దగ్గర అరటి గెల బరువుకి చెట్టు వాలిపోతుంటే పోటు పెడతాం కదా, అదే ఇది. పోటు ఉన్నంతసేపే గోడ నిలబడుతుంది.

ఇక గాలి సంగతి. గాలి వేగం రెండింతలైతే తోపు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. లెక్క చెప్తాను. గంటకు 50 కిలోమీటర్ల గాలి అయితే చదరపు మీటరుకి సుమారు 12 కిలోల తోపు. గంటకు 100 కిలోమీటర్లు అయితే సుమారు 48 కిలోలు. ఇప్పుడు 10 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల ఎత్తు గోడ తీసుకోండి. 27 చదరపు మీటర్లు. 100 కిలోమీటర్ల గాలికి దాని మీద దాదాపు 1300 కిలోల తోపు. ఒక మధ్యరకం ఎస్‌యూవీ బరువంతా గోడ మీద అడ్డంగా ఆనించినట్టు. రెండంతస్తులైతే దానికి రెట్టింపు. దీన్ని ఆపాల్సింది నాలుగైదు ఏటవాలు కర్రలూ, వాటికి కొట్టిన రెండేసి మేకులూ అయితే ఏమవుతుందో మీరే చెప్పండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, జాగ్రత్తగా వినండి. మన ఊళ్ళో సినిమా రిలీజ్‌కి ఫ్లెక్సీలు కడతారు కదా. ఉత్త కట్టెల ఫ్రేమ్ నిలబెట్టినప్పుడు గాలి మధ్యలోంచి వెళ్ళిపోతుంది, పెద్దగా ఏమీ కాదు. దాని మీద ఫ్లెక్సీ బిగించాక గాలొచ్చిందా, ఫ్రేమ్‌తో సహా రోడ్డు మీద పడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు ఫ్లెక్సీకి అక్కడక్కడా కోతలు పెడతారు. చెక్క ఇల్లు కూడా ఇంతే. ఉత్త స్టడ్లు ఉన్నప్పుడు గాలి కొంత బయటికి పోతుంది. షీట్లు కొట్టడం మొదలుపెట్టాక, కవరు చుట్టాక గాలి పట్టే వైశాల్యం ఒక్కసారిగా పెరుగుతుంది. కానీ బలం అంత త్వరగా పెరగదు. మేకులన్నీ పూర్తిగా కొట్టి ఉండరు, అడ్డగోడలు పూర్తయి ఉండవు, కప్పు షీట్లు సగమే వేసి ఉంటారు. ఒకవైపు రెండు గోడలకి షీట్లు, మిగతా రెండు ఖాళీ. ఈ మధ్య దశే అన్నిటికంటే ప్రమాదం. చూడ్డానికి మాత్రం ఇల్లు దాదాపు అయిపోయినట్టు కనిపిస్తుంది!

కిటికీలు, గ్యారేజీ తలుపు పెట్టకపోవడం రెండో సమస్య. గొడుగు కిందికి గాలి దూరితే ఏమవుతుంది? గొడుగు తిరగబడుతుంది. అలాగే గ్యారేజీ ఖాళీలోంచి లోపలికి దూరిన గాలి కప్పుని కిందనుంచి పైకి తోస్తుంది. అదే సమయంలో కప్పు మీదుగా వెళ్ళే గాలి పైకి లాగుతుంది. కింద తోపు, పైన లాగుడు, రెండూ కలుస్తాయి. ట్రస్సుని గోడకి పట్టి ఉంచేవి రెండు మూడు వంకర మేకులే అయితే కప్పు లేచిపోతుంది. అందుకే గాలులెక్కువ ఉండే చోట్ల హరికేన్ టై అనే ఇనప క్లిప్పులు కొడతారు. చిన్నవే, కానీ కప్పుని గోడకి కట్టేసేవి అవే.

మూడోది ట్రస్సుల డొమినో. ట్రస్సులు సన్నగా, ఎత్తుగా ఉంటాయి, పుస్తకాల షెల్ఫులో నిలబెట్టిన పలచటి నోట్‌బుక్కుల్లాగా. మొదటిది సరిగ్గా పోటు పెట్టకుండా మిగతావన్నీ దానికి ఆనిస్తూ పోతే, మొదటిది పడిన రోజు అన్నీ వరసగా పడతాయి. అందుకే మొదటి ట్రస్సుకి గట్టి పోటు, ఆ తర్వాత ఒకదానికొకటి అడ్డకర్రలు, మధ్యమధ్య ఏటవాలు కర్రలు పెట్టాలి అని ఆ పరిశ్రమ వాళ్ళే గైడ్ రాసి పెట్టారు. కట్టుబడి సమయంలో వచ్చే గాలి, బరువుల కోసం ఏఎస్‌సీఈ 37 అని విడిగా ఒక ప్రమాణం కూడా ఉంది. అంటే కొత్త రహస్యమేమీ లేదు ఇందులో. ఇంజనీర్లకి తెలుసు, బిల్డర్లకి తెలుసు.

మరి తెలిసి కూడా ఎందుకు పడిపోతున్నాయి? ఒక కారణం తొందర. ఫ్రేమింగ్ పని చాలాచోట్ల సబ్ కాంట్రాక్టులో ఉంటుంది. ఎంత త్వరగా పూర్తి చేస్తే అంత త్వరగా డబ్బు, ఇంకో ఇంటికి వెళ్ళొచ్చు. పోటు కర్ర దారికి అడ్డొచ్చిందని ఒకడు పీకేస్తాడు. ఇంకోచోట కర్ర తక్కువైందని ఇక్కడిది తీసుకెళ్తారు. శుక్రవారం సాయంత్రం సగం షీట్లతో వదిలేసి వెళ్తారు, శనివారం రాత్రి గాలొస్తుంది. మన వంతు తప్పు కూడా కొంచెం ఉంటుంది. గృహప్రవేశం ముహూర్తం ముందే పెట్టేసుకుని, ఇండియా నుంచి అమ్మానాన్నలకి టికెట్లు కూడా బుక్ చేసేసి, "ఆ తేదీకి కీస్ ఇవ్వాల్సిందే" అని బిల్డర్ వెనక పడితే, ఆ ఒత్తిడి చివరికి చేరేది సుత్తి పట్టుకున్నవాడి దగ్గరికే.

ఇలా అంటే కొంతమంది "అందుకే చెప్పాం, చెక్క ఇళ్ళు అగ్గిపెట్టెలు" అంటారు. అది కూడా కరెక్ట్ కాదు. సౌత్ కరొలైనాలో రిచ్‌బర్గ్ అనే ఊళ్ళో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే ఐబీహెచ్‌ఎస్ అనే పరిశోధనా సంస్థ ఉంది. అక్కడ 105 పెద్ద ఫ్యాన్లు పెట్టి నిజమైన ఇళ్ళ మీదకి గాలి వదులుతారు. 2010లో రెండు చెక్క ఇళ్ళు పక్కపక్కనే కట్టి పరీక్షించారు. ఒకటి మామూలుగా కట్టింది. రెండోదానికి కప్పు నుంచి గోడకి, గోడ నుంచి పునాదికి ఇనప పట్టీలతో వరసగా కట్టు వేశారు, మేకులు బలంగా కొట్టారు. మామూలుది కూలిపోయింది, రెండోది నిలబడింది. రెండూ చెక్కవే. తేడా అంతా అతుకుల్లో ఉంది. కెనడాలోని ఆంగస్‌లో 2014 జూన్ 17న టోర్నడో వచ్చి చాలా ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. తర్వాత వెస్టర్న్ యూనివర్సిటీ ఇంజనీర్లు వెళ్ళి చూస్తే, కప్పుని గోడకి కలిపే చోట ఉండాల్సిన మేకులు కొన్నిచోట్ల లేనే లేవు. ఒక మేకు ఖరీదు ఎంత ఉంటుంది చెప్పండి?

సరే, ఇప్పుడు పనికొచ్చే విషయాలు. మూడు రకాల వాళ్ళకి చెప్తాను.

మొదట, సైట్‌లో ఉండేవాళ్ళకి. ఫ్రేమింగ్ చేసే వర్కర్ కావచ్చు, సివిల్ చదివి సైట్ ఇంజనీర్‌గా చేరిన మన కుర్రాళ్ళు కావచ్చు, ఇల్లు చూడ్డానికి వెళ్ళిన మీరు కావచ్చు. ఉరుముల మబ్బు వచ్చేటప్పుడు వాన కంటే ముందు గాలి వస్తుంది. అప్పటిదాకా ఉక్కగా ఉన్న గాలి ఒక్కసారి చల్లబడి, దుమ్ము లేచిందంటే, మీ దగ్గర ఉన్న టైము నిమిషాల్లోనే. అప్పుడు మనిషికి సహజంగా ఏమనిపిస్తుంది? "పైన కప్పు ఉంది కదా, లోపలికి పోదాం" అని. సగం కట్టిన ఇంట్లోకి మాత్రం పోవద్దు! దాని గోడ పక్కన కూడా నిలబడొద్దు. పూర్తయిన బిల్డింగులోకి వెళ్ళండి, అది లేకపోతే గోడ పడినా తగలనంత దూరంలో ఉన్న కారులో కూర్చోండి. పైన ట్రస్సుల మీద ఉన్నవాళ్ళు గాలి వచ్చాక కాదు, మబ్బు కనిపించినప్పుడే దిగాలి. ఫోన్‌లో వాతావరణ హెచ్చరికలు ఆన్‌లో పెట్టుకోండి. "ఇంకో షీటు కొట్టేసి దిగుతా" అనే మాట వద్దు. షీటు రేపు కొట్టొచ్చు.

రెండు, ఇల్లు కొనుక్కునేవాళ్ళకి. చెక్కల ఫ్రేమ్ కనిపించే దశ కొన్ని వారాలే ఉంటుంది. డ్రైవాల్ కొట్టేశాక లోపల ఏముందో ఎవరికీ కనిపించదు. అందుకే డ్రైవాల్‌కి ముందు, బిల్డర్ మనిషి కాకుండా, మీరు డబ్బిచ్చి పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్‌తో ఒకసారి చూపించండి. ముందు అగ్రిమెంటులో ఆ వీలుందో లేదో చూసుకోండి. ఆయన చూసేవి ఏంటంటే: కింది చెక్కని స్లాబుకి పట్టే యాంకర్ బోల్టులకి వాషరు, నట్టు బిగించారా, సాధారణ కోడ్ ప్రకారం 6 అడుగులకి మించకుండా ఒకటి ఉండాలి. షీట్ల అంచుల్లో మేకులు సరైన దూరంలో ఉన్నాయా, కర్రకి తగిలాయా, లేక గాల్లోకి పోయాయా. డ్రాయింగులో హరికేన్ టైలు ఉంటే అన్నీ కొట్టారా, కొన్నే కొట్టారా. మీరు వెళ్ళిన ప్రతిసారీ వీడియో తీసి పెట్టుకోండి. తర్వాత గొడవ వస్తే మీ మాట కంటే మీ వీడియో గట్టిగా మాట్లాడుతుంది.

ఒకవేళ గాలి వచ్చి మీ ఇంటి ఫ్రేమ్ కొంచెం వాలిందనుకోండి. బిల్డర్ కేబుల్ వేసి లాగి నిటారుగా పెట్టి, "అంతా ఓకే సార్" అనొచ్చు. అక్కడ ఆగండి. వాలినప్పుడు మేకులు కర్రలోంచి కొంత ఊడి వస్తాయి. నిటారుగా లాగితే గోడ సరిగ్గా నిలబడుతుంది గానీ మేకుల పట్టు తిరిగి రాదు. స్టడ్లు నిలువునా చీలి ఉండొచ్చు. ట్రస్సు ఒక్క చోట విరిగినా, దాన్ని ఎలా రిపేర్ చేయాలో ఇంజనీర్ డ్రాయింగ్ ఇవ్వాలి, పక్కన ఒక చెక్క కొట్టేస్తే సరిపోదు. కాబట్టి మర్యాదగా ఒకటే అడగండి: "స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసి, ఏం మార్చారో, ఇప్పుడు సరిగ్గా ఉందో సంతకం పెట్టిన లెటర్ ఇవ్వండి." నోటిమాట వద్దు, కాగితం కావాలి. గృహప్రవేశం రెండు నెలలు ఆలస్యమైతే ఇంకో ముహూర్తం దొరుకుతుంది. ఆ ఇంట్లో మీ పిల్లలు ముప్పై ఏళ్ళు ఉండాలి.

ఇన్సూరెన్స్ కూడా. కట్టుబడిలో ఉన్న ఇంటికి మామూలు హోమ్ ఇన్సూరెన్స్ కాదు, బిల్డర్స్ రిస్క్ అనే పాలసీ ఉంటుంది. కమ్యూనిటీలో బిల్డర్ కట్టి అమ్మే ఇల్లైతే, మీ పేరు మీదకి వచ్చేదాకా నష్టం సాధారణంగా బిల్డర్‌దే, అయినా అగ్రిమెంటులో ఆ పేరా చదవండి. సొంత స్థలంలో కట్టించుకుంటుంటే ఆ పాలసీ ఎవరు తీసుకున్నారో మొదటి రోజే అడగండి. గాలికి విడిగా డిడక్టిబుల్ ఉందేమో చూడండి.

మూడు, మన ఊళ్ళో ఉన్నవాళ్ళకి. మాగ్నోలియాలో ఆ అబ్బాయి పోవడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, 2024 మే 26న, నాగర్‌కర్నూల్ జిల్లా ఇంద్రకల్‌లో ఈదురుగాలికి కట్టుబడిలో ఉన్న కోళ్ళ షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. అక్కడ చెక్క, ఇక్కడ ఇటుక. కానీ కారణాల్లో పోలిక చూడండి. పైన స్లాబు, పక్కన అడ్డగోడ, పిల్లర్ ఏదీ పట్టుకోని పొడవాటి గోడ అంటే, వెనక అట్ట లేని ఫోటో ఫ్రేమే. దానికితోడు సిమెంటు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పైన రేకులు వేసి సరిగ్గా బిగించకపోతే గొడుగు కథే. ఏప్రిల్, మే నెలల్లో మనకి సాయంత్రం గాలిదుమారాలు మామూలు. అందుకని పొడవాటి గోడ ఒకేసారి ఎత్తుకి లేపకండి. మధ్యలో పిల్లర్లు కట్టించండి. పని ఆపిన రోజు పోట్లు పెట్టించండి. గాలొస్తే కొత్త గోడ నీడన ఎవర్నీ నిలబడనివ్వకండి. మేస్త్రీకి చెప్పండి, కూలికొచ్చినవాళ్ళకీ చెప్పండి. వాళ్ళలో చాలామంది పిల్లల్ని కూడా సైట్‌కి తెచ్చుకుంటారు, ఆ పిల్లలు ఆడుకునేది ఆ గోడ పక్కనే.

ఒక్కమాటలో చెప్పాలంటే, ఇల్లు పూర్తయ్యాక మనల్ని కాపాడుతుంది. పూర్తయ్యేదాకా మనమే దాన్ని కాపాడాలి, దాని కింద పనిచేసేవాళ్ళని ఇంకా ముందు కాపాడాలి. ఒక పోటు కర్ర, నాలుగు మేకులు, "ఇవాళ్టికి పని ఆపండి" అనే ఒక మాట. వీటికి పెద్ద ఖర్చేం కాదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు కట్టించుకుంటుంటే, అక్కడైనా ఇక్కడైనా, ఈ ఎపిసోడ్ వాళ్ళ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. సివిల్ చదివే ఫ్రెండ్స్ ఉంటే వాళ్ళకి తప్పకుండా పంపండి, రేపు సైట్‌లో పని ఆపమని చెప్పాల్సింది వాళ్ళే. మీకు డౌట్లుంటే కింద రాయండి, చదివి జవాబిస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి, నమస్తే.